గచ్చు లేచిన ఇల్లు

సర్వేయరంటే భూములు కొలిచేవాడని అందరూ అనుకుంటారు. మా అత్తగారు పోయేదాకా అదే అనుకుంది. పార్వతీపురం దగ్గర తన పొలం గట్టు పక్కవాడు జరిపేశాడనీ, ఈసారి వచ్చేటప్పుడు సర్వే గొలుసు తెచ్చుకోమనీ పోరుతూనే ఉండేది. నేను కొలిచేది భూమి కాదు, నష్టం. ఇల్లు కాలినా, గోడ కూలినా, నీళ్ళు చేరి గచ్చు పాడైనా బీమా కంపెనీ నన్ను పంపుతుంది. ఏం పాడైంది, ఎందుకు పాడైంది, బాగుచేయించాల్సిన బాధ్యత ఎవరిది, ఈ మూడూ చూసి చెప్పడం నా పని. నేను కంపెనీ ఉద్యోగిని కాను, ఇంటాయన తరఫు మనిషినీ కాను. అందుకని ఇద్దరికీ నా మీద అనుమానమే.

మా నాన్న పాలకొండ వైపు నుంచి ఇక్కడికి, దుర్గ్ పక్కనున్న ఉక్కు ప్లాంటులో పనికి వచ్చాడు. నేను సెక్టర్ 7 క్వార్టర్లో పుట్టి, బడిలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగాను. ప్లాంటు ఉద్యోగం రాలేదు. అప్పట్లో అదో పెద్ద నామోషీ, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. దుర్గ్‌లో ఒక సర్వేయరు దగ్గర చేరి ఈ పని నేర్చుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి సలహాలడుగుతారు. వాళ్ళడిగేవన్నీ పరీక్షల గురించీ, రిపోర్టు ఏ పద్ధతిలో రాయాలన్నదాని గురించీ. అవి వాళ్ళకే నాకంటే బాగా తెలుసు. నాకు తెలిసింది మనుషుల ఇళ్ళలోకి వెళ్ళడం. దాని గురించి రాస్తాను, పనికొస్తే తీసుకోండి.

త్రిపాఠీ గారి పద్ధతి

నాకు పని నేర్పిన త్రిపాఠీ గారు మహా కోపిష్టి. చొక్కా గుండీ ఊడితే కూడా తిట్టేవాడు. కానీ నష్టపోయిన వాళ్ళింట్లో ఆయన అంత నెమ్మదైన మనిషిని నేను చూడలేదు. గడప దాటగానే పాడైన చోటుకి పోకూడదు, ముందు కూర్చోవాలి, ఇచ్చిన నీళ్ళు తాగాలి, వాళ్ళు చెప్పేదంతా వినాలి. "వాళ్ళు ముందు ఎవర్ని తిడతారో గుర్తుపెట్టుకో" అనేవాడు హిందీలో. "తిట్లు ఎప్పుడూ అందుబాటులో ఉన్నవాడి మీదే పడతాయి, కారణం మాత్రం ఇంకెక్కడో ఉంటుంది."

నేను కుర్రాణ్ణి, తొందరెక్కువ. టేపు తీసి కొలతలు మొదలెట్టేవాణ్ణి. ఆయన ఇంటివాళ్ళ ముందే నా చేతిలోంచి టేపు లాక్కుని జేబులో వేసుకునేవాడు. ఒళ్ళు మండేది. ఆయన దగ్గర పని మానేశాక కూడా ఆ టేపు ఆలస్యంగా తీసే అలవాటు మాత్రం నాకుండిపోయింది.

గచ్చు దగ్గర వచ్చే తగువులు

నా అనుభవంలో కప్పు గురించి, గోడ గురించి ఇన్ని తగువులు లేవు. గచ్చు దగ్గరే అన్నీ. ఎందుకంటే గచ్చుకి యజమానులెక్కువ. మేడ మీదవాళ్ళ గచ్చు కిందవాళ్ళకి కప్పు. టైల్స్ ఒకరు కొంటారు, ఇంకొకరు వేస్తారు, దాని కింద పైపు మరొకరెవరో ఎప్పుడో పెట్టి పోయుంటారు. పైవాళ్ళ వాషింగ్ మెషీన్ పైపు ఊడి నీళ్ళు కిందికి దిగితే, ఇరవై ఏళ్ళు కలిసి తీర్థయాత్రలకెళ్ళిన రెండు కుటుంబాలు మెట్ల మీద ఎదురుపడితే మొహాలు తిప్పుకోవడం చూశాను.

సూత్రం చెప్పాలంటే పెద్ద కష్టమేమీ కాదు. ఉన్నట్టుండి జరిగిన ప్రమాదానికి బీమా ఉంది. పైపు పగిలింది, ట్యాంకు కూలింది, అలాంటివి. నెలల తరబడి చెమ్మ కారి నానిపోయినదానికీ, సరకు మంచిది కానందుకూ, పని సరిగా చేయనందుకూ బీమా రాదు. పాలసీ తీసుకునేటప్పుడు ఈ ముక్క ఎవరూ చదవరు. అమ్మేవాడు చెప్పడు. చివరికి చెప్పాల్సిన పని మన నెత్తిన పడుతుంది. కాబట్టి "రాదు" అనే మాట ఫోనులో చెప్పకండి, ఉత్తరంలో పంపి చేతులు దులుపుకోకండి. వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పండి. తిడితే పడండి. వాళ్ళ ఇల్లు పాడైంది, మీది కాదు.

సింహాచలం గారిల్లు

ఇక అసలు సంగతి. నేను పని మానేయడానికి కొంచెం ముందు జరిగింది.

స్మృతి నగర్‌లో సింహాచలం గారని ఒక పెద్దాయన. ప్లాంటులో ఫర్నేసుల లోపల నిప్పుకి ఆగే ఇటుకలు పేర్చే మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. శ్రీకాకుళం దగ్గర పల్లె. ఉద్యోగంలో ఉండగానే కొంచెం కొంచెంగా ఇల్లు కట్టుకున్నాడు. ఏడాది కిందట హాల్లో పాత గచ్చు మీద టైల్స్ వేయించాడు. వేసినవాడు దావీదు. కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి కూడా ప్లాంటు మనిషే. దావీదు ఇక్కడే పుట్టి, కుమ్హారిలో కాపురముంటూ టైల్స్ పని చేసుకుంటున్నాడు.

హాలు మధ్యలో టైల్స్ పైకి లేచాయి. సింహాచలం గారి భార్య పారమ్మ గారు ఆ అంచు కాలికి తగిలి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. ఇంటి మీద బీమా ఉంది కాబట్టి ఆయన డబ్బుకి దరఖాస్తు పెడితే కంపెనీ నన్ను పంపింది. నేను వెళ్ళేసరికి హాల్లోనే గోడవార మంచం వేసుకుని పడుకుని ఉంది.

"రండి బాబూ, సూడండి" అన్నాడు సింహాచలం గారు నేనింకా చెప్పులు విప్పకుండానే. "ఆ దావీదుగాడు ఏటి సేసినాడో సూడండి. సిమెంటు తినీసినాడు. ఇసకలో టైల్స్ పేర్చీసి ఎల్లిపోనాడు. మన తెలుగోడని నమ్మి పని ఇచ్చినాను. మనోడే ముంచీసినాడు."

"ముందా బాబుకి నీళ్ళియ్యండి" అంది పారమ్మ గారు మంచం మీంచి.

నీళ్ళు తాగాను. ఆయన చెప్పిందంతా విన్నాను. చెప్పడం నాకొక్కడికే కాదని అర్థమైంది. మా ఊళ్ళో తెలుగు ఇళ్ళ సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మాకు మేస్త్రీ కావాలన్నా, వంటమనిషి కావాలన్నా బోర్డులు చూసి పిలవం. "మీ ఇంట్లో ఎవరు చేశారు?" అని ఇంకో తెలుగు ఇంటిని అడుగుతాం. ఒక ఇంటి మాట మీద పది ఇళ్ళ పని దొరుకుతుంది. అదే ఒక ఇంటి మాట మీద పది ఇళ్ళ తలుపులూ మూసుకుంటాయి. సింహాచలం గారు కర్ర పట్టుకుని పొద్దున నడకకి వెళ్ళినప్పుడల్లా గేటు గేటు దగ్గరా ఆగి, దావీదు దొంగ, వాడికి పని ఇవ్వొద్దు అని చెప్పాడు. పారమ్మ గారి తుంటి విరిగిందని తెలిశాక ఆ మాట కాదనేవాళ్ళెవరు?

మర్నాడు కుమ్హారి వెళ్ళి దావీదుని కలిశాను. ముప్ఫై అయిదు దాటిన మనిషి. తెలుగు మాట్లాడుతూనే మధ్యలో హిందీలోకి జారిపోతాడు.

"సర్, నేను బరాబర్ వేశాను. లెవెల్ చూసి వేశాను. అంకుల్ నా ఫోన్ ఎత్తట్లేదు. ఇంటికెళ్తే గేటు తీయట్లేదు" అన్నాడు. "ఇప్పుడు తెలుగోళ్ళెవరూ పిలవట్లేదు సర్. ఒప్పుకున్న పనులు కూడా వద్దన్నారు. టైల్ కటర్ అమ్మేసి రాయ్‌పూర్ పోయి ఎవరి దగ్గరైనా మజ్దూరీ చేసుకుంటా, ఔర్ క్యా."

మళ్ళీ తనే అన్నాడు. "మా డాడీ, ఆ అంకుల్ ప్లాంటులో ఒకే షాపులో, ఒకే విభాగంలో పని చేశారు. చిన్నప్పుడు నన్నెత్తుకుని తిప్పారు. ఆయనే చోర్ అన్నారు సర్ నన్ను. ఆంటీ పడిపోయింది కదా, అందుకే ఏం అనలేదు. ఫ్రీగా మళ్ళీ వేసి ఇచ్చేస్తా, ఆయనకి చెప్పండి."

నాకు కోపం వచ్చింది. "వద్దు" అన్నాను. "ఎందుకు లేచిందో తెలియకుండా ఊరికే వేసి ఇస్తే తప్పు నీదేనని ఒప్పుకున్నట్టు. రేపు మళ్ళీ లేస్తే ఏం చేస్తావ్?" మంచి పనివాళ్ళకి తరచూ ఉండే జబ్బే ఇది, గొడవ కంటే ఉచితంగా చేసేయడం తేలికనుకుంటారు. అక్కణ్ణుంచి తిరిగొస్తూ దారంతా అతని గురించే ఆలోచించాను.

వంటింటి తలుపు

మళ్ళీ వెళ్ళి, ఈసారి నాణెంతో టైల్స్ కొట్టి చూశాను. సిమెంటు సరిగా పట్టని టైలు డొల్లగా మోగుతుంది. ఇవి మోగలేదు. లేచిన టైలు ఒకటి ఉలితో ఊడదీశాను. దాని వెనక సిమెంటు నిండుగా పట్టుకుని ఉంది. దానితోబాటు కింద పాత గచ్చు పెచ్చు కూడా ఊడొచ్చింది. అంటే టైలు గచ్చుని వదల్లేదు. గచ్చే కింద నుంచి పగిలి పైకి లేచింది.

చెయ్యి కడుక్కుందామని వంటింట్లోకి పోబోతే తలుపు సగంలో ఆగిపోయింది. అడుగున గచ్చుకి రాసుకుంటోంది.

"ఆ తలుపు ఎత్తి తియ్యాల బాబూ" అంది పారమ్మ గారు. "శానా కాలం బట్టీ అంతే. మీ బాబాయి రెండు పాలి అడుగున సిత్రిక కూడా పట్టినాడు."

వంటింట్లో టైల్స్ లేవు. ఇల్లు కట్టినప్పటి ఎర్ర గచ్చే. దావీదు అక్కడ చెయ్యే పెట్టలేదు. అయినా ఆ గచ్చు కూడా మధ్యలో ఉబ్బి, బీటలు నాలుగు వైపులా పాకాయి. తలుపు పట్టేసినప్పుడల్లా తలుపుని చెక్కేశాడు గానీ గచ్చు ఎందుకు లేస్తోందని ఆయన చూడలేదు. మనందరం చేసేదే అది.

స్నానాలగది గోడలో పాత పైపు అతుకు దగ్గర చెమ్మ కనిపించింది. ఒక్కసారిగా పగిలింది కాదు, ఎన్నాళ్ళ నుంచో ఊరుతున్న నీరు. అది గోడ కిందుగా హాల్లోకీ వంటింట్లోకీ పోతోంది. కానీ నీరు ఒక్కటే అయితే గచ్చుని కుంగదీయాలి గానీ పైకి ఎత్తదు. కింద ఏదో ఉంది.

ఆ సాయంత్రం బీమా ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడి ఆఫీసరుకి ఓపిక తక్కువ. "పని సరిగా చేయలేదని రాసేయండి, అయిపోతుంది" అన్నాడు. సింహాచలం గారి పక్కింటాయన ఇంకో దారి చూపించాడు. "పైపు పగిలిందని రాసెయ్యండి సార్. ముసలావిడకి తుంటి విరిగింది, ఆ కుర్రాడి పేరూ బాగుపడుతుంది, ఎవరికీ నష్టం లేదు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ రెండో దారి నన్ను గట్టిగానే లాగింది. అందరూ సంతోషిస్తారు కదా అనిపించింది. కానీ గచ్చు కింద ఉన్నది అలాగే ఉండిపోతుంది. పారమ్మ గారు వాకర్ పట్టుకుని మళ్ళీ ఆ గచ్చు మీదే నడవాలి. ఈసారి పడితే లేవదు. చిన్న సర్వేయర్లకి నేను చెప్పేది ఇదే. దయతో రాసే అబద్ధం ఇంట్లోవాళ్ళ కాళ్ళకిందే ఉండిపోతుంది. కంపెనీకి ఏం పోయింది అన్నది తరవాతి సంగతి.

డోలమైటు ఇటుక

సింహాచలం గారి అనుమతి తీసుకుని ఒక కూలీతో హాలు మధ్య గచ్చు తవ్వించాను. కింద ముర్రం, అంటే ఎర్ర కంకర మట్టి, ఉండాల్సిన చోట నల్లటి గడ్డలు. తడిసి, పగిలి, పగుళ్ళలో తెల్లటి పొడి. ఒక గడ్డ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇదేంటి బాబాయ్?"

"స్లాగ్" అన్నాడు గర్వంగా. "ముర్రం కాదు, మన స్లాగే. ట్రక్కోడికి సెప్పి తెప్పించినాను. పల్లపు జాగా కదేటి, అడుగంతా దీన్తోనే నింపినాను. డ్యూటీ నుంచొచ్చి నానూ మా ఆడమనిసీ తట్టల్తో మోసినాం. నిప్పులో కాలినాది బాబూ. మట్టి కన్నా గట్టిది."

ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ విన్నదే. ఉక్కు ఊళ్ళో పుట్టినవాళ్ళకి కొలిమిలోంచి వచ్చిందేదైనా గట్టిదేనని నమ్మకం. మా నాన్న కూడా అలాగే అనేవాడు. అయితే స్లాగులో, అంటే లోహం కరిగించాక మిగిలే చిట్టెంలో, రకాలున్నాయి. ఉక్కు చేసేటప్పుడు వచ్చే రకంలో కరగని సున్నం మిగిలి ఉంటుంది. దాన్ని చాలా కాలం ఎండకీ వానకీ వదిలేసి, ఉబ్బేదంతా ఉబ్బాక వాడుకోవచ్చు. పచ్చిగా తెచ్చి గచ్చు కింద పోస్తే, పొడిగా ఉన్నన్నాళ్ళూ మాట్లాడదు. తడి తగిలిన రోజున ఉబ్బడం మొదలెడుతుంది.

కింద స్లాగే ఉంటుందని అనుమానించి, ఇది ఆయనకి ఎలా చెప్పాలో ముందే ఆలోచించుకుని వెళ్ళాను. పాఠం చెబితే ఆయన వినడు. ఆయన పని గురించే అడిగాను.

"బాబాయ్, ఫర్నేసులో డోలమైటు ఇటుకలు వాడేవారు కదా. వానాకాలంలో అవి ఎక్కడ పెట్టేవారు?"

"బైట పెట్టం బాబూ. టార్పాలిన్ కప్పీసి లోపలెడతాం. సుక్క తడి తగిల్తే సాలు, ఉబ్బిపోద్ది, పొడైపోద్ది. దాన్లో సున్నం కదా…"

అక్కడ ఆగిపోయాడు. చేతిలో గడ్డ వంక చూశాడు. తెల్లటి పొడిని బొటనవేలితో రాసి చూశాడు. జీవితమంతా ఇటుకలు పట్టుకున్న వేళ్ళు, ఆ పొడి ఏమిటో వాటికి నేను చెప్పక్కర్లేదు. నెమ్మదిగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"అయితే మా ఆడమనిసిని పడేసినది నానేనా బాబూ?"

ఇన్నేళ్ళ పనిలో నన్ను చాలా ప్రశ్నలడిగారు. ఈ ప్రశ్న మాత్రం ఎప్పుడూ వినలేదు. ఎవరూ చెప్పలేదు బాబాయ్, అప్పట్లో ఎవరికి తెలుసు, మీలాగే ఎంతోమంది పోశారు, అన్నాను. అవన్నీ నిజాలే. అవేవీ ఆయన చెవికెక్కలేదు. ఆయన కళ్ళు మంచం వైపే ఉన్నాయి.

పారమ్మ గారు కాస్త పైకి లేవబోయి, నొప్పికి మళ్ళీ పడుకుంది.

"సగం తట్టలు నాను మొయ్యలేదేటి?" అంది. "అంతా నువ్వొక్కడివే ఎత్తుకుంటావేటి?"

ఆయన చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. నేను కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి, బీమా రాదని చెప్పాను. ఎందుకు రాదో కూడా చెప్పాను. కోపగించుకుంటాడనుకున్నాను.

"ఇయ్యరులే" అన్నాడు. "ఇయ్యకూడదు కూడాను." ఆ తరవాత ఆయనడిగింది ఒక్కటే. "దావీదు కుమ్హారిలోనే ఉన్నాడేటి, ఎల్లిపోనాడా?"

ఉన్నాడని చెప్పాను.

బాధ్యత అంటే

ఆ ఇంట్లో గచ్చంతా తవ్వి, స్లాగ్ తీసేసి, ముర్రం పోసి కొట్టి, కొత్తగా వేశారు. వేసింది దావీదే. పిలవడానికి సింహాచలం గారు బస్సెక్కి కుమ్హారి వెళ్ళాడని తరవాత విన్నాను. అక్కడ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. పారమ్మ గారిని అన్నాళ్ళూ పక్కింట్లో ఉంచారు.

నా రిపోర్టులో కారణం రాశాను, బాధ్యత యజమానిదని రాశాను. కాగితం మీద బాధ్యత అంటే ఎవరు బాగుచేయించాలి అన్నంతవరకే. అంతకు మించి అందులో రాయడానికి చోటు లేదు. మిగతా సగం బాధ్యత నాకు చూపించినవాడు సింహాచలం గారు.

ఒక ఆదివారం పొద్దున మా గేటు దగ్గర బండి ఆగింది. దావీదు హెల్మెట్ తీయకుండా బండి మీదే కూర్చుని ఉన్నాడు. వెనక నుంచి సింహాచలం గారు అతని భుజం పట్టుకుని దిగి, కర్ర ఊతంతో గేటు దాకా వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"వద్దన్నాను సర్, అంకుల్ వినట్లేదు" అన్నాడు దావీదు అక్కణ్ణుంచే, మొహమాటంగా. "పొద్దుట్నుంచి ఒక్కో ఇంటికీ తిప్పిస్తున్నారు."

"నాను ఎవులెవులికి సెప్పినానో ఆలందరికీ మల్లా సెప్పాల గదా" అన్నాడు సింహాచలం గారు. "నీకూ సెప్పినాను గదా బాబూ, దావీదు దొంగని."

"నాకు తెలుసు కదా బాబాయ్. నేనే కదా తవ్వించింది."

"నీకు తెల్సినది నీ పని వల్ల తెల్సినాది. నా నోటంట ఇన్లేదు."

కర్ర గేటుకి ఆనించి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని నిలబడ్డాడు. వంటింట్లోంచి మా ఆవిడ కూడా వచ్చి నా వెనక నించుంది. ఆవిడ కూడా వినాలని ఆయన ఒక్క క్షణం ఆగాడు.

"దావీదు దొంగ కాదు. ఆడు ఏసిన టైల్స్ బాగున్నాయి. ఆ గచ్చు కింద స్లాగ్ పోసినోణ్ణి నాను. మా ఆడమనిసి పడిపోనాది నా వల్ల."

అంత గట్టిగా చెప్పలేదు. కానీ ఎదురింటివాళ్ళకి కూడా వినబడింది. తరవాత కర్ర తీసుకుని బండి దగ్గరికి వెళ్ళి, దావీదు భుజం పట్టుకుని ఎక్కి కూర్చున్నాడు.

"పద నాయినా" అన్నాడు. "నాయుడోలిల్లు ఉండిపోనాది."